ఎర్ర నక్షత్రం కింద అలసందలు: బాల్కనీ ప్రాజెక్టు డైరీ

పెట్టెలు కట్టకముందు

వేరే గ్రహాల మీద మొక్కలు పుడితే ఎలా ఉంటాయి అని వెతికితే ఎక్కడ చూసినా ఒకటే బొమ్మ, ఎర్రటి ఆకాశం, కింద నల్లటి ఆకులు. బొమ్మలు బాగానే ఉంటాయి కానీ అన్నీ రంగు దగ్గరే ఆగిపోతాయి. మొక్క అంటే ఆకు రంగేనా? అది మొలవాలి, ఎటు పెరగాలో తెలుసుకోవాలి, ఎక్కడ ఆగాలో తెలుసుకోవాలి, ఇవన్నీ వెలుతురుని చూసే కదా చేసేది. అందుకని బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్ యుటిలిటీలో, వాషింగ్ మెషిన్ పక్కన మిగిలిన జాగాలో, ఒక చిన్న ఎర్ర నక్షత్రం పెట్టి మన మొక్కల్ని దాని కింద పెంచి చూద్దాం అని మొదలుపెట్టా.

ఎర్ర నక్షత్రం ఎక్కడ దొరుకుతుంది అంటారా, అదే ఇందులో నాకు బాగా నచ్చిన పాయింట్. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,770 కెల్విన్ (సెల్సియస్‌కి 273 కలిపితే కెల్విన్). మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరం, అది 3,000 కెల్విన్ చుట్టుపక్కల ఉంటుంది. ఏడు గ్రహాలున్న ట్రాపిస్ట్-1 ఇంకా చల్లన, 2,570 దగ్గర. ఇప్పుడు పాతకాలం ఫిలమెంట్ బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడి ఎంతో చూడండి, దాదాపు 2,700! అంటే మన చిన్నప్పుడు వసారాలో పురుగులు ముసిరే ఆ పసుపు బల్బుకీ ఈ నక్షత్రాలకీ వెలుతురు తీరులో పెద్ద తేడా లేదు. సూర్యుడి వెలుతురు 500 నానోమీటర్ల (వెలుతురు తరంగం పొడవు కొలిచే లెక్క, ఎరుపు వైపు పోయేకొద్దీ అంకె పెరుగుతుంది) దగ్గర శిఖరానికి వెళితే వీటి శిఖరం 1,000 దగ్గర, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది. మన గెలాక్సీలో నాలుగింట మూడు వంతుల దాకా నక్షత్రాలు ఇలాంటి చిన్న, చల్లటి ఎర్ర మరుగుజ్జులే, కాబట్టి ఎక్కడో మొక్కలు అంటూ ఉంటే ఇలాంటి వెలుతురులో ఉండే ఛాన్సుని తీసిపారేయలేం.

ఒక్క తేడా మాత్రం చెప్పాలి. ఇంత చల్లటి నక్షత్రాల వాతావరణంలో టైటానియం ఆక్సైడ్ ఉంటుంది, అది కంటికి కనిపించే వెలుతురులో కొన్ని ముక్కల్ని మింగేస్తుంది, బల్బులో ఆ గొడవ లేదు. సో నా బల్బు అసలు నక్షత్రం కంటే మొక్కకి కొంచెం దయగలదే.

ఎస్పీ రోడ్డు, శనివారం

ఫిలమెంట్ బల్బు ఇప్పుడు అంత ఈజీగా దొరకదు, మా వీధి షాపుల్లో అడిగితే అన్నీ ఎల్ఈడీలే చూపించారు. ఎస్పీ రోడ్డులో ఒక పాత ఎలక్ట్రికల్ షాపాయన పైనుంచి అట్టపెట్టె దించి "కోళిగా సార్?" అన్నాడు. కోడిపిల్లల బ్రూడర్లకి ఇంకా ఇవే వాడతారట, వేడి కోసం. కోళ్ళకి కాదు, ప్రాక్సిమాకి అని చెప్పే కన్నడం నాకు రాదు కాబట్టి అవును అనేశా. బల్బులు, హోల్డర్లు, ఒక ఫ్యాన్ రెగ్యులేటర్, చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు, 6,500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ ఒకటి తీసుకున్నా, ఇంకో లేన్‌లో వెతగ్గా వెతగ్గా 730 నానోమీటర్ల ఫార్ రెడ్ (ఎరుపుకీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య అంచు) ఎల్ఈడీలు కూడా దొరికాయి. వీటిని వెలిగిస్తే కంటికి ముదురు ఎరుపు నిప్పు కణాల్లా మసగ్గా కనిపిస్తాయి, కానీ వెలుతురు చాలానే కొడుతుంటాయి, అందుకని వాటిలోకి సూటిగా చూడొద్దు.

పెట్టెలు ప్లైవుడ్‌తో చేయించా, లోపల అల్యూమినియం ఫాయిల్. ఎవరన్నా ట్రై చేస్తే థర్మాకోల్ జోలికి మాత్రం పోకండి, ఫిలమెంట్ బల్బు పక్కన అది నిప్పుతో చెలగాటమే. బల్బుకీ మొక్కలకీ మధ్య ఒక గాజు గిన్నె నిండా నీళ్ళు పెట్టా. నీళ్ళు 1,200 నానోమీటర్లు దాటిన వేడి కిరణాల్ని చాలావరకు తాగేసి 700, 800 దగ్గరివాటిని కిందకి వదిలేస్తాయి, మొక్క ఉడికిపోదు. ఇది మోసం కాదులెండి, నీటి ఆవిరి ఉన్న గ్రహం వాతావరణం కూడా కొంతవరకు చేసే పని ఇదే.

విత్తనాలు

అలసందలే ఎందుకంటే, మన ఇస్రో వాళ్ళు 2024 డిసెంబర్ 30న పీఎస్ఎల్వీ సీ60లో క్రాప్స్ అని ఒక చిన్న పెట్టె పంపారు గుర్తుందా, అందులో 8 అలసంద గింజలు, నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, తర్వాత ఆకులు కూడా వచ్చాయి. అంతరిక్షానికి వెళ్ళిన కుటుంబం కదా, గౌరవంగా మొదటి కుండీ వాటికే. వాటితోపాటు ఆవాలు, పచ్చ తోటకూర, ఎర్ర తోటకూర. అన్నీ కిరాణా షాపు, కేఆర్ మార్కెట్ సరుకే, ఏదీ స్పెషల్ కాదు.

మా అక్క కొడుకు తొమ్మిదో క్లాసు, స్కేలు పట్టుకుని కొలిచే డ్యూటీ వాడిది. మొక్కలకి పేర్లు పెట్టే డ్యూటీ కూడా తీసుకున్నాడు, అది నేను ఇవ్వలేదు.

లక్స్ గొడవ

రెండు పెట్టెల్లో వెలుతురు సమానం చేయాలి, లేకపోతే పోల్చడం దండగ. ఫోన్లో లక్స్ యాప్ ఉంది కానీ లక్స్ అనేది మనిషి కంటి లెక్క, 555 నానోమీటర్ల ఆకుపచ్చకి ఎక్కువ మార్కులు వేస్తుంది, 700 దాటితే దాదాపు సున్నా. మొక్కకి కావాల్సింది 400 నుంచి 700 మధ్య ఎన్ని ఫోటాన్లు (వెలుతురు రేణువులు) పడ్డాయి అన్నది. అయితే కూర్చుని లెక్కేస్తే ఒకటి కలిసొచ్చింది, ఒకే లక్స్ దగ్గర తెల్ల ఎల్ఈడీ కంటే ఫిలమెంట్ బల్బు ఆ 400-700 మధ్య కాస్త ఎక్కువ ఫోటాన్లే ఇస్తుంది. అంటే లక్స్ సమానం చేసి పెడితే బల్బు పెట్టెలో మొక్కకి తిండి తక్కువయ్యింది అనే వంక ఉండదు. పైగా 700 దాటిన ఫార్ రెడ్ బోనస్‌గా కుప్పలు కుప్పలు పడుతుంది, తెల్ల ఎల్ఈడీలో అది దాదాపు లేనట్టే. సరే, ఆ తేడా ఏం చేస్తుందో చూడ్డానికే కదా ఇదంతా.

మొలిచాక

తెల్ల ఎల్ఈడీ పెట్టెలో అలసందలు పొట్టిగా, బలంగా, ఆకులు ముదురు పచ్చ. బల్బు పెట్టెలో కాడలు సన్నగా సాగిపోయి, అటు 7 సెంటీమీటర్లు ఉంటే ఇటు 15 దాటాయి, ఆకులు చిన్నవి, లేత రంగు. వాడు స్కేలు పక్కన పెట్టి "మామా, వెలుతురు సమానమే అన్నావు కదా, మరి ఇది చీకట్లో పెరిగినట్టు ఎందుకు సాగింది" అన్నాడు. మంచి ప్రశ్న. ఈ ప్రాజెక్టు అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మొక్కలో ఫైటోక్రోమ్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. 660 నానోమీటర్ల ఎరుపు తగిలితే ఒక రూపంలోకి, 730 ఫార్ రెడ్ తగిలితే తిరిగి పాత రూపంలోకి మారుతుంది. 1952లో అమెరికాలో బెల్ట్స్‌విల్ దగ్గర బోర్త్‌విక్, హెండ్రిక్స్ వాళ్ళ టీమ్ లెట్యూస్ గింజల మీద దీన్ని పట్టుకుంది, ఎరుపు కొడితే మొలిచాయి, వెంటనే ఫార్ రెడ్ కొడితే ఆగిపోయాయి, మళ్ళీ ఎరుపు కొడితే మొలిచాయి, ఎన్నిసార్లు మార్చినా చివర కొట్టిన లైటుదే మాట. ఇది మొక్కకి ఎందుకు పనికొస్తుందంటే, క్లోరోఫిల్ 660ని మింగుతుంది, 730ని ముట్టుకోదు. సో ఆకు కిందకి దిగిన వెలుతురులో ఎరుపు తగ్గిపోయి ఫార్ రెడ్ మిగులుతుంది. ఆరుబయట ఎండలో ఎరుపుకీ ఫార్ రెడ్‌కీ నిష్పత్తి 1.2 దగ్గర, గుబురు చెట్టు కింద బాగా పడిపోతుంది. నిష్పత్తి పడిపోయిందంటే మొక్కకి అర్థం "పక్కోడు నా ఎండ తినేస్తున్నాడు, పైకి సాగాలి" అని.

ఇప్పుడు నా బల్బు. దాని నిష్పత్తి పుట్టుకతోనే ఒకటికి బాగా తక్కువ. రెగ్యులేటర్ తగ్గించి తీగని ట్రాపిస్ట్ వేడికి దించితే ఇంకా తక్కువ. పెట్టెలో పక్కోడు ఎవడూ లేడు, మూడే మొక్కలు దూరం దూరంగా ఉన్నాయి, అయినా మా అలసంద మర్రిచెట్టు కింద ఉన్నట్టు ఫీలయ్యి సాగుతోంది. కొత్త ఊరికొచ్చి పాత ఊరి బస్సు నంబర్లు చూసి ఎక్కేస్తే ఏమవుతుందో అదే అవుతోంది దానికి, బస్సు బాగానే ఉంది, నంబరుకి అర్థమే మారిపోయింది.

కాబట్టి ప్రాక్సిమా బి మీద (ప్రాక్సిమా చుట్టూ తిరిగే గ్రహం, 2016లో కనిపెట్టారు, అక్కడ ఏడాది అంటే మన 11.2 రోజులు) మొక్క అనేది పుడితే దానికి ముందు కావాల్సింది నల్ల ఆకు అని నాకు అనిపించట్లేదు. నీడకీ ఎండకీ తేడా చెప్పే వేరే కొలత కావాలి. అది ఎక్కడ ఉంటుంది అని ఆలోచిస్తే, దాని తిండి ఏ తరంగం దగ్గర ఆగిపోతుందో సరిగ్గా ఆ గట్టు దగ్గర ఉండాలి. గట్టుకి ఇటువైపు ఆకు మింగేది, అటువైపు ఆకు వదిలేది, రెండింటి నిష్పత్తే పక్కోడి ఉనికి. మన మొక్కకి గట్టు 700 దగ్గర ఉంది. అక్కడిది 750 కావచ్చు, 900 కావచ్చు, గట్టు జరిగితే కొలత కూడా దాంతోపాటే జరగాలి, లేకపోతే జీవితాంతం లేని నీడకి భయపడి సాగుతూనే ఉంటుంది.

వెబ్‌క్యామ్ ఆదివారం

గట్టు గట్టు అంటున్నా కదా, దాన్ని కంటితో చూద్దాం అని పాత వెబ్‌క్యామ్ విప్పా. సెన్సార్ ముందు చిన్న గాజు ముక్క ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేది, దాన్ని జాగ్రత్తగా తీసేసి, దాని బదులు కడిగిన కలర్ ఫిల్మ్ నెగటివ్‌లో నల్లటి ముక్క అడ్డం పెడితే ఇప్పుడు కనిపించే వెలుతురు ఆగి ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే లోపలికి వెళుతుంది. లాప్‌టాప్ పట్టుకుని లాల్‌బాగ్ వెళ్ళాం. సెక్యూరిటీ ఆయన రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగి చూశాడు కానీ ఏమీ అనలేదు.

స్క్రీన్ మీద చెట్లన్నీ మంచు పడినట్టు తెల్లగా! ఆకాశం నల్లగా, రోడ్డు బూడిద రంగు, ఆకులు మాత్రం ధగధగ. ఆకు ఎరుపుని పూర్తిగా మింగి, 700 దాటగానే ఒక్కసారి దాదాపు సగం వెలుతురుని తిరిగి కొట్టేస్తుంది, దీన్నే రెడ్ ఎడ్జ్ అంటారు. 1990 డిసెంబర్‌లో గెలీలియో నౌక గురుగ్రహానికి వెళ్తూ భూమి పక్కనుంచి పోయినప్పుడు మన భూమినే తెలియని గ్రహం అనుకుని పరిశీలించారు, 1993లో కార్ల్ సేగన్ టీమ్ ఆ ఫలితాలు రాసింది, ప్రాణం ఉంది అనడానికి చూపించిన గుర్తుల్లో ఇదీ ఒకటి.

ఇంటికొచ్చాక రెండు తోటకూరల్నీ కెమెరా ముందు పెట్టాం. మామూలుగా చూస్తే ఒకటి పచ్చ, ఒకటి రక్తం రంగు. ఇన్‌ఫ్రారెడ్‌లో రెండూ ఒకటే తెలుపు, ఏది ఏదో వాడు చెప్పలేకపోయాడు. ఎర్ర తోటకూర ఎరుపు బీటాలైన్ అనే వేరే రంగుది, లోపల పని చేసేది అదే క్లోరోఫిల్, గట్టు అదే చోట. ఆకు రంగు చూసి మొక్క బతుకు చెప్పలేం అనడానికి ఇంతకంటే చవకైన సాక్ష్యం నాకు దొరకలేదు, కట్ట పది రూపాయలు.

ఇక్కడే నాకు భలే అనిపించిన సంగతి, పక్క మొక్క ఎంత దగ్గరుందో తెలుసుకోవడానికి అలసంద చదివేది ఏ గట్టునో, కాంతి సంవత్సరాల అవతల మొక్కలున్నాయా అని టెలిస్కోపు చదవాలనుకునేదీ అదే గట్టుని. సోవియట్ కాలంలో ఆల్మాటీలో గవ్రీల్ టీఖోవ్ అనే ఆయన 1947లో ఆస్ట్రోబోటనీ విభాగమే పెట్టి అంగారకుడి మీద మొక్కల కోసం ఇలాంటి గుర్తే వెతికాడు. చలి ప్రదేశం కాబట్టి ఆకులు వేడి కిరణాల్ని కూడా ఉంచేసుకుంటాయి, నీలంగా కనిపిస్తాయి అని ఆయన ఊహ. అంగారకుడి మీద మొక్కలు లేవు సరే, కానీ గట్టు ఊరిని బట్టి మారుతుంది అన్న ఆలోచన మాత్రం నాకు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తుంది.

730 పెట్టె

మూడో పెట్టెలో ఫార్ రెడ్ ఒక్కటే, అందులో ఆవాలు. పోలికకి పక్కనే అట్టపెట్టెలో చీకట్లో ఇంకొన్ని ఆవాలు. చీకటివి మనందరికీ తెలిసిన లెక్కే, పొడుగ్గా, తెల్లగా, తల వంచుకుని. 730 కిందవి మాత్రం వింతగా ఉన్నాయి. పొట్టిగా నిలబడ్డాయి, రెండు బీజదళాలూ విప్పుకున్నాయి, కాడ కాస్త గులాబీ రంగు తిరిగింది, అంతా ఆరోగ్యంగా కనిపిస్తోంది, కానీ ఆకులు పసుపు. పచ్చదనం అంటకుండా పూర్తి పసుపు. వెలుతురు వచ్చింది అని తెలిసింది, వంటకి మాత్రం అందలేదు. జర్మనీలో ఫ్రైబుర్గ్‌లో హాన్స్ మోర్ ఈ ఆవ మొలకలూ ఫార్ రెడ్డూ పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేశారు, నా పసుపు మొలకలు ఆ పాత సంగతులకి ప్లైవుడ్ వెర్షన్ అన్నమాట.

కారణం ఇది. పూలు పూసే మొక్కల్లో క్లోరోఫిల్ తయారీలో ఒక మెట్టు వెలుతురు పడితేనే జరుగుతుంది, దానికి 730 సరిపోదు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఏంటంటే, సయనోబాక్టీరియా (వెలుతురుతో తిండి చేసుకునే సూక్ష్మజీవులు), నాచు, పైన్ చెట్లు వీటన్నిటికీ ఇదే మెట్టుని చీకట్లో కూడా దాటే ఇంకో ఎంజైము ఉంది, పూల మొక్కలు దాన్ని దారిలో పారేసుకున్నాయి. మన సూర్యుడి కింద అది పోయినా నష్టం లేదు, ఎండ ఎలాగూ ఉంది. ఎర్ర నక్షత్రం కింద అయితే ఈ పారేసుకోవడం అంత చవగ్గా కుదిరేదా? అక్కడ పరిణామం అనేది మన వరుసలోనే నడవక్కర్లేదు, పాత పనిముట్లు దాచుకున్న వాళ్ళే నెగ్గేవాళ్ళేమో.

తర్వాత రోజుకి కాసేపు మాత్రం తెల్ల లైటు వేసి చూశా, అక్కడ నక్షత్రం అప్పుడప్పుడు మంట చిమ్ముతుంది కదా, ప్రాక్సిమా అయితే ఆ విషయంలో పేరుమోసింది, ఆ ఫ్లేర్‌కి నాటకం అనుకోండి. ఆవాలు పచ్చబడ్డం మొదలైంది. ఫ్లేర్లతో వచ్చే అల్ట్రావయొలెట్ ప్రాణానికి గండం అనే అందరూ రాస్తారు, అది నిజమే, నా తెల్ల లైటులో ఆ గండం లేదు కూడా. అయినా నీళ్ళ అడుగున దాక్కున్న మొక్కకి అదే మంట రోజూ కాస్త నీలం, కాస్త ఎరుపు తెచ్చిచ్చే కొరియర్ కూడా కావచ్చు అనేది నా సొంత అనుమానం.

రాత్రి లేని చోట

నక్షత్రానికి అంత దగ్గరగా తిరిగే గ్రహాలు ఒకే ముఖం చూపిస్తూ ఉండిపోయే అవకాశం ఎక్కువ, మన చందమామ లాగా. అందుకని బల్బు ఆర్పకుండా వదిలేశా, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిచింది, బిల్లు గురించి అక్క ఒకసారి అడిగింది. అలసంద ఆకులు రాత్రయితే కిందకి వాలతాయి కదా, ఇక్కడ రాత్రే లేకపోయినా సాయంత్రానికి టంచనుగా వాలుతున్నాయి! 1729లో ఫ్రాన్స్‌లో ద మెరాన్ అత్తిపత్తిని చీకటి గదిలో పెట్టి చూసింది ఇదే, లోపల గడియారం ఉంది. కొన్నాళ్ళకి మా అలసందల టైమింగు ఒకదానికొకటి పొసగకుండా పోయింది, ఒకటి మధ్యాహ్నం వాలితే ఇంకోటి అర్ధరాత్రి. పక్కన పెట్టిన టమాటా నారు అయితే ఆకులు పచ్చగా ఉండాల్సింది మచ్చలుపడి పాలిపోయింది, ఆగని వెలుతురు టమాటాకి పడదు, ఇది తోట పరిశోధకులకి పాత సంగతే. రాత్రి లేని గ్రహంలో పుట్టిన మొక్కకి ఆ గడియారం దేనికి? ఉంటే గింటే మేఘాలకో, ఆటుపోట్లకో ముడిపడి ఉండాలి.

నల్ల ఆకు సంగతి

అందరూ అడిగేది కాబట్టి రాస్తున్నా. నాసా గొడార్డ్ ఇన్‌స్టిట్యూట్‌లో నాన్సీ కియాంగ్ 2008లో చెప్పింది ఏంటంటే, ఎర్ర మరుగుజ్జు కింద కనిపించే వెలుతురు కరువు కాబట్టి ఉన్నదంతా మింగే ఆకు నల్లగా కనిపించొచ్చు అని. లాజిక్ బాగుంది. కానీ ఆకు ఎప్పుడూ వీలైనంత ఎక్కువే మింగాలనుకుంటుంది అనేది నాకు పూర్తిగా ఎక్కదు. 2020లో నథానియెల్ గేబర్ టీమ్ వేరే కోణం పెట్టింది, ఆకుకి ఎక్కువ రావడం కంటే ఎగుడుదిగుడు లేకుండా నిలకడగా రావడం ముఖ్యం, మన ఆకుపచ్చకి కారణం అదే కావచ్చు అని. మేఘాలు కమ్మిన గ్రహానికీ ఎప్పుడూ ఎండ ఉండే గ్రహానికీ అప్పుడు ఒకే జవాబు రాదు.

ఇంక గట్టు ఎంత దూరం జరగగలదు అంటే, భూమి మీదే కొంత జరిగింది. 2010లో ఆస్ట్రేలియా షార్క్ బే స్ట్రోమటోలైట్ల (సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన రాళ్ళు) నుంచి క్లోరోఫిల్ ఎఫ్ అనే ఇంకో రకం క్లోరోఫిల్ దొరికింది, 2018లో అది 750 దగ్గర కూడా నిజంగానే పనిచేసి ఆక్సిజన్ ఇచ్చే సంగతి తేలింది. ఇటలీలో పాదువా యూనివర్సిటీ వాళ్ళు నక్షత్రపు వెలుతురుని ఎల్ఈడీలతో తయారుచేసి సయనోబాక్టీరియాని పెంచారు కూడా, అవి బతికాయి, ఆక్సిజన్ ఇచ్చాయి. వాళ్ళది పెద్ద ల్యాబు, నాది వాషింగ్ మెషిన్ పక్కన, కానీ చూస్తున్నది ఒకటే నక్షత్రాన్ని.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఆవాలు తీసేశా. 730 పెట్టెలో ఇప్పుడు కాంపౌండ్ గోడ మీద వానకి పెరిగిన నాచు, పైన ట్యాంకు అడుగు నుంచి గీకిన పాచి, వేర్వేరు గాజు సీసాల్లో. నాచు చీకట్లో కూడా క్లోరోఫిల్ చేసుకోగలదు కాబట్టి కొత్తగా వేసే చిగుళ్ళు పసుపు కాకుండా పచ్చగానే రావాలి అని నా అంచనా, వాడి అంచనా ఎండిపోతుంది అని, పందెం ఒక మసాలా దోశ. పైన్ గింజలు ఆర్డర్ పెట్టా, ఇంకా రాలేదు. బల్బు పెట్టెలో అలసందలు గాజు గిన్నెకి తగులుతున్నాయి, ఈ వారం వాటిని కోసి కాడా ఆకూ విడివిడిగా ఆరబెట్టి తూకం వేయాలి, సాగినది ఎంత, నిజంగా పెరిగినది ఎంత తేలుతుంది. పాయింట్ వన్ గ్రాము దాకా చూపించే తూకం మిషన్ ఎవరి దగ్గరన్నా ఉంటే వైట్‌ఫీల్డ్ వైపు నుంచి అయినా వచ్చి తీసుకెళ్తా.